పిడికిట్లో దూది

ఆ రోజు దూది కింద పడలేదు.

పడిందనే మా యూనిట్‌లో అందరూ అనుకున్నారు. ఇప్పటికీ అలాగే అనుకుంటూ ఉంటారు. పడలేదని తెలిసినవాళ్లం ముగ్గురం. మిగతా ఇద్దరి సంగతి నాకు తెలియదు గానీ, నేను మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఏది జరిగినా డైరీలో రాసుకునేదాన్ని, ఈ ఒక్క ముక్క అందులో కూడా రాయలేదు.

ఇలా మొదలుపెడితే మీకేమీ అర్థం కాదు. అందుకని మొదటి నుంచి చెబుతాను.

నేనిప్పుడు లక్సెట్టిపేటలో ఒక బడిలో తెలుగు చెబుతున్నాను. అంతకుముందు కొంతకాలం టీవీ వాళ్ల దగ్గర పనిచేశానని మా పిల్లలకు ఎలాగో తెలిసిపోయింది. పదో తరగతి ఆడపిల్లలు ఇంటర్వెల్‌లో చుట్టూ చేరతారు. "టీచర్, మీరు హీరోయిన్లను దగ్గరికెల్లి చూసిన్రా? మేం గూడ పోతం టీచర్, మాకు చెప్పుండ్రి" అంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. నలుగురిలో మాట్లాడటం నాకు మొదటి నుంచీ కష్టమే. రాయడం అంత కష్టం కాదు. వాళ్లకు చెప్పాల్సింది అందుకే ఇలా రాస్తున్నాను.

నేను చేసిన పనిని కంటిన్యుటీ అంటారు. సినిమాను కథ నడిచిన వరుసలో తీయరు. ఇంట్లో నుంచి బయటికి వచ్చే దృశ్యం ఈ రోజు తీస్తే, గడప దాటి రోడ్డు మీద అడుగు పెట్టే దృశ్యం వచ్చే వారం తీయవచ్చు. గడప లోపల చున్నీ ఎడమ భుజం మీద ఉంటే గడప బయట కూడా ఎడమ భుజం మీదే ఉండాలి. గ్లాసులో సగం నీళ్లుంటే సగమే ఉండాలి. ఎడమ చెంప మీద దెబ్బ ఉంటే అది కుడి చెంపకు పోకూడదు. అవన్నీ చూసి, ఫొటో తీసి, రాసుకునే మనిషిని నేను. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడక్కర్లేదు. నాకోసమే కనిపెట్టినట్టుండే పని.

ఉద్యోగం దొరికిన తీరు కూడా అలాంటిదే. కరీంనగర్‌లో డిగ్రీ చదివేటప్పుడు రోజూ లైబ్రరీకి పోయేదాన్ని. అక్కడ నా పక్కన కూర్చునే ఒకావిడ సీరియళ్లకు మాటలు రాసేది. నేను చదువుతున్న నవలలో మొదట్లో ఒకామెకు గాజులు రెండు చేతులకూ ఉన్నాయని, నడుమకొచ్చేసరికి ఒక చెయ్యి బోసిపోయిందని, ఎందుకో ఎక్కడా చెప్పలేదని ఒకరోజు ఆవిడకు మెల్లగా చెప్పాను. ఆవిడ నన్ను కాసేపు చూసి, "నీకు పని దొరికింది పో" అంది.

మాది సిరిసిల్ల. మా బాపు సాంచాలు నడుపుతాడు. మా దగ్గర నాన్నను బాపు, అమ్మను అవ్వ, మరమగ్గాలను సాంచాలు అంటారు. అవి ఆడుతుంటే షెడ్డులో పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. అన్నానికి రమ్మన్నా, చాయ్ పెట్టమన్నా మా అవ్వ, బాపు చేతులతోనే చెప్పుకునేవారు. పోగు తెగితే అరిచి లాభం లేదు. చూసినవాళ్లు లేచి పోయి చెయ్యి వేసి సాంచ ఆపాలి, అంతే. నేను మాట తక్కువ మనిషిని కావడానికి అదే కారణమని మాత్రం అనను. మా తమ్ముడూ ఆ షెడ్డులోనే పెరిగాడు. వాడి నోరు మూయించడం ఎవరి వల్లా కాదు.

ఇక ఆ సినిమా. థియేటర్లకు రాదు, టీవీలో ఒక ఆదివారం వేయడానికి తీసింది. పత్తి వ్యాపారి కూతురిని ఎత్తుకుపోయి, మూతబడ్డ జిన్నింగు మిల్లులో కట్టేసి దాస్తారు. ఆమె ఎలా బయటపడిందన్నది కథ. భైంసా బయట అలాంటి మిల్లే దొరికింది. అది మూతబడింది కాదు, పత్తి సీజను మొదలుకాక ఖాళీగా ఉంది. కొత్త పత్తి వచ్చేలోపు ఖాళీ చేయాలన్న షరతు మీద యజమాని ఇచ్చాడు. అంటే మా చేతిలో ఉన్నది దసరా ముందటి కొద్ది రోజులే.

హీరోయిన్ కరీంనగర్ అమ్మాయి. నా ఈడుదే. సీరియళ్లలో ఆడబిడ్డగానో, స్నేహితురాలిగానో వచ్చి పోయే వేషాలు వేసి వేసి విసిగిపోయింది. ఇందులో మొదటిసారి కథంతా ఆమె మీదే నడుస్తుంది. వచ్చిన మొదటి రోజే నాతో, "ఓ సప్పుడు లేని పిల్లా, గీ సినిమా మంచిగస్తే నాకు బతుకున్నది. లేకుంటే మా అన్న సెల్ ఫోన్ల దుకాణంల కూసునుడే. నా జుట్టు, బొట్టు జర మంచిగ చూసుకో" అంది. నేను తల ఊపాను. "మాట్లాడితే కంపెనీ కోసుకుంటదా పైసలు?" అని నవ్వింది.

ఆమెను ఎత్తుకుపోయే వేషం వేసినాయన ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరైన మనిషి. కరీంనగర్‌లో నాటకాలు ఆడేవాడు. తెర మీద చూస్తే వణుకు పుట్టేది గానీ, తాడు కట్టే ముందు ప్రతిసారీ హీరోయిన్ దగ్గర వంగి, "బిడ్డా, పట్టినట్టయితుందా? వదులు జెయ్యన్నా?" అని అడిగేవాడు. "గట్టిగ కట్టు మామా, లేకుంటే సార్ మళ్ల కట్టుమంటడు" అనేది ఆమె.

మిల్లు తాళాలు ఒక ముసలావిడ దగ్గర ఉండేవి. అందరూ ఆమెను మరాఠీలో అమ్మ అన్నట్టు ఆయీ అని పిలిచేవారు. షూటింగు అంటే ఏమిటో ఆమెకు తెలుసు. టీవీ చూస్తుంది. అయినా కండక్టర్‌ను మాత్రం క్షమించలేదు. అందరికీ చాయ్ పోసి ఆయన దగ్గరికి వచ్చేసరికి గిన్నె వెనక్కి తీసుకునేది.

"నీకు లేదు పో. ఆడివిల్లను కట్టేసినోనికి చాయెందుకు?"

"అది వేషం ఆయీ!"

"వేషమైతే గా కండ్లట్ల ఎందుకు చేసినవ్? నేను చూడలేదా?"

ఆయన ఆ మాటను అవార్డులా అందరికీ చెప్పుకునేవాడు. చాయ్ మాత్రం రోడ్డు మీది హోటలుకు పోయి తాగి వచ్చేవాడు.

కట్టేసే దృశ్యాలు మొదలుకాక ముందు డైరెక్టర్ మా అందరినీ కూర్చోబెట్టాడు. హైదరాబాద్ మనిషి, అరిచే రకం కాదు. జాగ్రత్త గల మనిషి అని ఇప్పటికీ అంటాను.

"నోటికి గుడ్డ ఉంటుంది. చేతులు కుర్చీ వెనక్కి కట్టేసి ఉంటాయి. గింజుకోవడం, మూలగడం అంతా సీన్‌లో ఉన్నదే. నిజంగా ఇబ్బందైతే మాకెలా తెలుస్తుంది?"

"నేను సచ్చినంక తెలుస్తది సార్" అంది హీరోయిన్.

అందరూ నవ్వారు. డైరెక్టర్ నవ్వకుండా, ఆమె చేతిలో ఏదైనా పట్టుకోవాలని, ఇబ్బంది అనిపిస్తే వదిలేయాలని, అది కింద పడగానే షాట్ ఆగిపోవాలని చెప్పాడు. ఆయి దగ్గర తాళాల గుత్తి తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. రిహార్సల్ అయిందో లేదో సౌండ్ చూసుకునే ఆయన చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసి లేచాడు. గుంటూరు వైపు మనిషి. తన పనిలో ఈగ వాలనివ్వడు.

"సార్, ఆ గలగల నా వల్ల కాదండీ. ఆవిడ కదిలినప్పుడల్లా వినపడుతోంది. తాళాలు ఆవిడ చేతిలోనే ఉన్నాయి కదా, తలుపు తీసుకుని పోవచ్చు కదా అంటారు చూసేవాళ్లు."

చెంచా అన్నారు, రాయి అన్నారు. సిమెంటు నేల కదా, ఏది పడినా చప్పుడే. పడిన చప్పుడుతో షాట్ ఎలాగూ ఆగిపోతుంది కదా అని ఎవరికీ తట్టలేదు. పైగా ఆయన మూలనున్న కుప్పలోంచి గుప్పెడు పాత దూది తీసి చూపించి, "ఇది పట్టుకోమనండి. పీడా పోతుంది" అనేసరికి మాకందరికీ అది మహా తెలివైన మాటలా అనిపించింది. మిల్లులో దూదికి కొదవ లేదు.

"చప్పుడు రాకపోతే పడిందని ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు కెమెరామన్.

వెనక ఎవరైనా కూర్చుని చూడాలి. ఫ్రేములో కనపడకుండా ఒదిగి కూర్చోవాలి. అటూ ఇటూ కదలకూడదు, మాట్లాడకూడదు. అందరూ ఒకేసారి నా వైపు చూశారు. కట్లు, వేళ్లు ఎలా ఉన్నాయో ఎలాగూ నేనే రాసుకోవాలి కాబట్టి అది కూడా నా పనే అయింది. కుర్చీ వెనక ఒక పాత పత్తి బేలు మీద కూర్చుని, దూది పడితే చెయ్యెత్తాలి. కెమెరామన్ చూసి డైరెక్టర్‌కు చెబుతాడు. డైరెక్టర్ కట్ అంటాడు. కట్ అనే మాట ఆయనొక్కడిదే. ఇంకెవరూ అనకూడదు. ఏ యూనిట్‌లోనైనా అంతే.

నాలుగైదు రోజులు ఏ ఇబ్బందీ రాలేదు. ఆమె ఒక్కసారి కూడా దూది వదల్లేదు. షాట్ అయ్యాక అది నా మీదికి విసిరి, "ఇగో, నీ సొమ్ము" అనేది.

చివరి రోజు తీయాల్సింది అన్నిటికంటే పెద్ద దృశ్యం. ఇక ఎవరూ రారని ఆమెకు తెలిసిపోయే ఘట్టం. కండక్టర్ ఆమె ముందు నిలబడి, ఆమె తండ్రి పోలీసులకు చెప్పలేదని, ఇంట్లో పండగ చేసుకుంటున్నారని అబద్ధం చెబుతాడు. ఆమె ముఖం మీదే దృశ్యమంతా నడవాలి. మర్నాడు సద్దుల బతుకమ్మ. హీరోయిన్‌కు ఆ సాయంత్రానికి ఇంటికి చేరాలని ఉంది. మిల్లు యజమాని పొద్దున్నే వచ్చి, రేపటి నుంచి పత్తి బండ్లు వస్తాయని మరోసారి గుర్తు చేసి పోయాడు.

రెండు టేకులు అయ్యాయి. రెండోది బాగానే వచ్చింది. కానీ డైరెక్టర్ బయట పెట్టుకున్న మానిటర్ దగ్గర నుంచి లోపలికి వచ్చి, నేల బోసిగా ఉందన్నాడు. గోదాములోని చెత్త దూదంతా తెచ్చి ఆమె కుర్చీ చుట్టూ పరిపించాడు. గాలిలో పోగులు ఎగిరితే వెలుతురులో బాగుంటుందన్నాడు. ఫ్యాన్ పెడదామంటే చప్పుడని సౌండాయన ఒప్పుకోలేదు. ఇద్దరు మనుషులు చెరో వైపు నిలబడి అట్టముక్కలతో విసిరారు. నిజం చెప్పాలంటే చూడటానికి చాలా అందంగా ఉంది. పైనున్న రేకుల సందులోంచి ఎండ పడుతుంటే ఆ తెల్లటి పోగులన్నీ ఆమె మీద తేలాయి.

తర్వాత డైరెక్టర్ ఆమె ముందు కూర్చుని మెల్లగా అన్నాడు. "ఈసారి గ్లిసరిన్ వద్దు. నిజంగా ఏడవగలవా?"

"మీరు కట్ అనకుంటె ఏడుస్త సార్" అంది ఆమె. "ఏడుపు వచ్చినంక ఆపుతరు మీరు. ఆపకుండ్రి."

"ఆపను."

గ్లిసరిన్ కన్నీళ్లకు ముక్కు కారదు. నిజం ఏడుపుకు ముక్కు మూసుకుపోతుంది. నోరు ఎలాగూ కట్టేసి ఉంది. చుట్టూ గాలిలో దూది. ఇంత చిన్న సంగతి అక్కడున్న అంతమందిలో ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. తెల్లటి నేల మీద తెల్లటి దూది పడితే ఎవరికీ కనపడదన్న సంగతి మాత్రం నేను బేలు మీద కూర్చోబోతూ గమనించాను. నేనైతే చేతినే చూస్తాను కదా అనుకున్నాను.

మూడో టేకు మొదలైంది. కండక్టర్ గొంతు వినిపిస్తోంది. నాకు ఆమె ముఖం కనపడదు. భుజాలు, జడ, కట్టిన మణికట్లు, పిడికిలి. అంతే. ఏడుపు వచ్చింది. భుజాలు కదిలాయి.

మొదటి రెండు టేకుల్లో ఆ పిడికిలి ఎలా ఉందో నాకు బాగా తెలుసు, రాసుకున్నాను కాబట్టి. బొటనవేలు బయట ఉంది. దూది అంచు కనపడుతోంది. కోడిగుడ్డు పట్టుకున్నట్టు వదులుగా ఉంది. ఇప్పుడు చూస్తుండగానే బొటనవేలు లోపలికి పోయింది. మిగతా నాలుగు వేళ్లు దాని మీద బిగుసుకున్నాయి. గోళ్లు తెల్లబడ్డాయి. దూది కొస కూడా కనపడటం లేదు.

దూది పడలేదు. మేం పెట్టుకున్న ఏర్పాటు ప్రకారం అంతా బాగానే ఉంది.

చెయ్యెత్తాలా? పడలేదు కదా. భయం నటిస్తున్న మనిషి పిడికిలి బిగించకుండా ఎలా ఉంటుంది? అది ఆమె పని. ఇంతకంటే మంచి టేకు రాదని నాకు తెలుస్తూనే ఉంది. రేపు బండ్లు వస్తాయి. ఆమె అన్న దుకాణం కూడా గుర్తొచ్చింది. ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి అనుకున్నానని చెప్పలేను. అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. చెయ్యెత్తాను. కెమెరామన్ కన్ను కెమెరాకు అతుక్కుపోయి ఉంది. ఆమె మడమలు నేలను తన్నుతున్నాయి. దూదిలో తన్నుతున్నందువల్ల చప్పుడు లేదు. నోరు తెరిచాను. 'కట్' అనడానికి కాదు, 'సార్' అనడానికి. మాట రాలేదు.

అప్పుడు లేచాను. బేలు దిగి, కుర్చీ చుట్టూ తిరిగి, కెమెరాకు ఎదురుగా పోయి ఆమె నోటి మీది గుడ్డను కిందికి లాగాను.

ఆమె గాలి పీల్చుకున్న చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. తర్వాత దగ్గు. దగ్గీ దగ్గీ వాంతి చేసుకుంది. కండక్టర్ మోకాళ్ల మీద కూలబడి కట్లు విప్పుతున్నాడు. తానే వేసిన ముడి ఆయనకు దొరకడం లేదు. ఆయి ఎక్కడి నుంచి వచ్చిందో కత్తిపీట తెచ్చి తాడు కోసింది. ఆ తర్వాత బయట నుంచి డైరెక్టర్ గొంతు వినిపించింది.

"కట్! కట్! ఎవరది? ఫ్రేములోకి వచ్చిందెవరు?"

లోపలికి వచ్చి, ఆమె తల పట్టుకుని నిలబడ్డ నన్ను చూశాడు. ఆయన ముఖం ఎర్రగా ఉంది. "దూది పడిందా?" అన్నాడు.

నేను ఆమె ముఖం మీది దూది పోగులు తుడుస్తున్నాను.

"నిన్నే. చెయ్యి వదిలిందా ఆమె? దూది పడిందా, లేదా?"

"పడ్డది సార్" అన్నాడు కండక్టర్. "నేను చూసిన."

ఆయన ఆమె ముందు నిలబడ్డాడు. ఆమె చేతులు వెనక ఉన్నాయి. షాట్ నడుస్తుండగా ఆయన చూసే అవకాశమే లేదు. కట్లు విప్పబోయినప్పుడు ఆ పిడికిలి ఇంకా మూసే ఉండటం మాత్రం చూసే ఉంటాడు. డైరెక్టర్ నేల వైపు చూశాడు. నేలంతా దూదే. వెతికే పని లేదు. ఇక ఆయన తన నీళ్ల సీసా మూత తీసి ఆమెకు ఇచ్చాడు.

భైంసాలో డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాం. ఆక్సిజన్ పెట్టి, మధ్యాహ్నమంతా అక్కడే ఉంచి, ప్రమాదం లేదన్నాడు. అందరూ బయట చాయ్‌కి పోయినప్పుడు నేనొక్కదాన్నే మంచం పక్కన ఉన్నాను. ఆమె కళ్లు తెరిచి నన్నే చూసింది.

"ఎందుకచ్చినవే నడుమల?"

గొంతు బొంగురుపోయింది. కోపం మాత్రం పోలేదు.

"నేను చెయ్యి ఇప్పిన్నా? చెప్పు. ఇప్పలే గదా. దూది నా చేతులనే ఉండె."

"ఊపిరి ఆడట్లేదనుకున్న" అన్నాను.

"అనుకున్నవా? నేను యాక్టింగ్ చేస్తున్న. గంత మంచిగ నేను ఎన్నడు చెయ్యలే, మళ్ల చెయ్య. ఇంకింత సేపు ఊకుంటే అయిపోతుండె. నాకు తెల్వదా నా పానం సంగతి?" దుప్పటి మీదికి లాక్కుని మళ్లీ అంది. "మామ పడ్డదన్నడు. పెద్దమనిషి మాట పోతదని ఊకుంటున్న. లేకుంటే చెప్పకపోదునా సార్‌కు."

అటు తిరిగి పడుకుంది. ఆ సాయంత్రం వాళ్ల అన్న కారు తీసుకుని వచ్చాడు. నాతో చెప్పకుండానే వెళ్లిపోయింది.

ఆ రోజు సామాను సర్దుతుంటే సౌండాయన నా దగ్గరికి వచ్చాడు. ఆయన నాతో విడిగా మాట్లాడటం అదే మొదటిసారి.

"అమ్మాయ్, ఆవిడ ఊపిరి నాకు వినిపించిందమ్మా. అందరికంటే బాగా నాకే వినిపించింది. చెవుల్లోనే ఉంది." హెడ్‌ఫోన్ల తీగ చుట్టడం ఆపాడు. "ఎంత బాగా వస్తోంది, ఇంకాస్త దగ్గరగా మైకు పెట్టాల్సింది అనుకున్నాను."

కండక్టర్ మాత్రం మామూలుగానే ఉన్నాడు. ఆయి ఆ రోజు ఆయనకు చాయ్ పోసింది. పడిందని ఎందుకు చెప్పారని అడగాలని నాకు ఉంది. అడగలేకపోయాను. నేను చూస్తున్న చూపుకే ఆయన జవాబు చెప్పాడు. "గిన్నేండ్లు బస్సుల చేసిన బిడ్డా. బెల్లు కొడితే బండి ఆపాలె. ఎవలు కొట్టిన్రు, ఎందుకు కొట్టిన్రు అనేది బండి ఆగినంక అడగాలె." చాయ్ ఊదుకుని, "మంచిగున్నది ఆయీ" అన్నాడు.

మా పిల్లలకు నేను చెప్పాలనుకున్న ముక్క ఒకటి ఇక్కడుంది. ఇప్పుడు అంతటా ఇలాంటి ఏర్పాట్లు పెడుతున్నారు. ఇబ్బందైతే చెప్పండి, మేం ఆపేస్తాం అంటారు. మంచిదే. కానీ మనం నోరు తెరిస్తే అంతమంది చేసిన పని ఆగిపోతుందని తెలిసినప్పుడు, తెరవడం ఎంత కష్టమో చెప్పేవాళ్లు తక్కువ. ఆ కుర్చీలో నేనే ఉంటే నేనూ వదిలేదాన్ని కాదు. ఇంకా గట్టిగా పట్టుకునేదాన్ని. ఆ పిడికిలి చూసి నేను లేవడానికి అంతకంటే పెద్ద కారణం నాకు తెలియదు.

అయినా ఆసుపత్రిలో ఆమె అన్న మాటలు నన్ను చాలా రోజులు తిన్నాయి. ఊపిరి ఆడని మనిషిని కాపాడానా, జీవితంలో ఒక్కసారి వచ్చే టేకును పాడుచేశానా? నా దగ్గర ఉన్నది దూది పడలేదన్న నిజం ఒక్కటే. బతుకమ్మకు సిరిసిల్ల పోయినప్పుడు మా అవ్వ, "ఏందే గట్లున్నవ్, ఎవలన్న ఏమన్నన్నరా?" అని అడిగింది. ఏం లేదన్నాను.

టీవీలో వచ్చింది రెండో టేకు. మీలో ఎవరైనా చూసి ఉంటే, ఆ దృశ్యం మామూలుగానే అనిపించి ఉంటుంది. మూడోది ఎందుకు రాలేదో చెబితే నేను చెప్పాల్సింది అయిపోతుంది.

పండగ తర్వాత ఎడిటింగ్ మొదలైంది. డైరెక్టర్ కరీంనగర్‌లో ఒక స్నేహితుడి గది తీసుకుని అక్కడే చేయించాడు. ఏ టేకు ఎక్కడుందో చెప్పడానికి నేను పక్కన కూర్చునేదాన్ని. ఒక మధ్యాహ్నం హీరోయిన్ వచ్చింది. తానే ఫోన్ చేసి, మూడో టేకు వేయాల్సిందేనని డైరెక్టర్‌తో పోట్లాడి వచ్చిందట. మనిషి కోలుకుంది. మంచి చీర కట్టుకుంది. నన్ను చూసి కూడా చూడనట్టు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఈమె వచ్చేదాంక ఉన్నది చాలు సార్" అంది నా వైపు చెయ్యి చూపి. "గా ముందటిది మొత్తం నాదే. అది ఎందుకు పారేస్తరు?"

డైరెక్టర్ ఆమె వైపు కుర్చీ తిప్పుకున్నాడు. "నాకూ అది కావాలనే ఉంది. కానీ నేను నిర్ణయించను. నువ్వే చూడు. ఎక్కడి దాకా నీ నటనో నువ్వే చెప్పు. అక్కడ కోస్తాను."

వేశారు. తెర మీద ఆమె ముఖం. నేను ఆ రోజు చూడనిది అదే. వెనక కూర్చున్నాను కదా. దూది పోగులు తేలుతున్నాయి. కండక్టర్ మాట్లాడుతున్నాడు. హీరోయిన్ మొదట్లో హుషారుగా తెర మీద వేలు పెట్టి చూపించింది.

"ఇగో, గిక్కడ సూడుండ్రి. తల గిట్ల కావాల్ననే తిప్పిన. గీ కండ్లు మూసుడు గూడ నేను అనుకొని చేసిందే. ఇగో, గిప్పుడు ఏడుపు..."

తర్వాత మాట్లాడటం తగ్గించింది. తర్వాత ఆపేసింది. తెర మీద నా నీడ పడింది, నా చెయ్యి వచ్చింది, ఎడిటర్ ఆపాడు.

"ఇంకోపాలి వెయ్యుండ్రి" అంది.

వేశారు. ఈసారి ఆమె ముందుకు వంగి చూసింది. మూడోసారి వేయమంది. ఆమె చీర కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. ఏడుపు మొదలై ఇంకా కాసేపే అయింది. కండక్టర్ తన మాట సగంలో ఉన్నాడు. నేను ఫ్రేములోకి రావడానికి చాలా ముందు.

"ఆపుండ్రి" అంది.

బొమ్మ ఆగింది. ఆమె లేచి తెర దగ్గరికి పోయి, ఆగిపోయిన తన ముఖాన్ని బాగా దగ్గర నుంచి చూసింది. డైరెక్టర్ ఎక్కడ కోయమంటావని అడగలేదు. ఆమె గదిలో ఇంకెవరి వైపూ చూడకుండా నా వైపు తిరిగింది. కోపంగా లేదు. కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

ఆ తర్వాత బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది. ఇప్పుడు మంచి వేషాలే వేస్తోంది. టీవీలో అప్పుడప్పుడు చూస్తాను. మేం మళ్లీ కలుసుకోలేదు. ఆ రోజు పోయే ముందు, తెర మీద ఆగిన తన ముఖం మీద వేలు ఆనించి, చాలా మెల్లగా ఆమె నాతో అన్న చివరి మాట ఇది:

"ఈడి నుంచి నాకేం యాదికి లేదే."